చాటుగాలిలో దండం

"చేతులు తీసెయ్యండి రత్నంగారూ! రెండూ తీసి మోకాళ్ళ మీద పెట్టుకోండి!"

హెల్మెట్‌లో ప్రయోగశాల డాక్టర్ ఇందుశేఖర్ గొంతు రేడియోలో గరగరలాడింది. నూకరత్నం పళ్ళు బిగించింది. ఎగురుతున్న పారాగ్లైడర్ తాళ్ళ పిడులు వదిలేయడమంటే, ఘాట్ రోడ్డు మలుపులో బస్సు డ్రైవరు స్టీరింగు వదిలేసి చేతులు కట్టుకుని కూర్చోవడమే. అదీ ఎక్కడ? కొండ చాటున.

సముద్రం మీంచి వచ్చే గాలి పోలిమెట్టకు ఎదురు తగిలే వైపు ఎగరడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అటు గాలి కొండను పాకుతూ పైకి లేస్తుంది. మనిషిని చంటిపిల్లలా ఎత్తుకుంటుంది. శిఖరం దాటిందో, అదే గాలి తలకిందులవుతుంది. ఏటిలో బండరాయి వెనక నీళ్ళు తిరిగినట్టు సుడి తిరుగుతూ, దొరికినదాన్ని దొరికినట్టు నేలకేసి కొడుతుంది. పైలట్లు దాన్ని చాటుగాలి అంటారు. శిష్యులకు రత్నం నేర్పే మొదటి పాఠం: చాటుకు పోకు. రెండో పాఠం: పోయావా, కొండకు దూరంగా జరుగు, భయపడి తాళ్ళు లాగకు.

ఇప్పుడు ఆ చాటుగాలి నడిబొడ్డున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది.

తలమీది రెక్క ఒక్కసారి వణికింది. భుజాల దగ్గరి చిన్న మోటార్లు గుర్రుమన్నాయి. ఎడమ తాడు జానెడు దిగింది, మళ్ళీ లేచింది. కుడి తాడు బెత్తెడు దిగి నిలిచింది. సుడి వచ్చి రెక్కను గుద్దబోయే ముందే రెక్క సర్దుకుంది. కుదుపు సగం కూడా తగల్లేదు.

ఆ లాగుడు రత్నానికి తెలుసు. ఎడమ ముందు, కుడి తర్వాత, చివర్న బుజ్జగించినట్టు చిన్న సడలింపు. అది ఆమె మొగుడి చెయ్యి.

ఆ రెక్క గుడ్డ నిండా నూగులాంటి సన్నని తీగలున్నాయి. రాబోయే గాలిని అవి పసిగడతాయి. కానీ పసిగట్టాక ఏం చెయ్యాలి? అది నేర్పింది పైడిరాజు. రెండేళ్ళ పాటు ఇదే పోలిమెట్ట చాటున ఎగిరి, తన చేతుల ప్రతి కదలికనూ యంత్రానికి ధారపోశాడు. వానాకాలం వాగులు పొంగి కొండ చాటు గూడేలకు దారి తెగితే, మందులు మోసుకెళ్ళడానికి ఈ రెక్క. అంతకుముందు పంపిన డ్రోన్లన్నీ చాటుగాలిలో ఎండుటాకుల్లా రాలిపోయాయి.

యంత్రం పాఠం పూర్తిగా నేర్చుకుంది. నేర్పినవాడు నాలుగు నెలల కిందట, గుర్రపుమెట్ట అనే మరో కొండ చాటున, అదే రెక్క కింద వేలాడుతూ రాళ్ళకు కొట్టుకుని చచ్చిపోయాడు.

విచారణ సంఘం రెండు ముక్కల్లో తేల్చేసింది. యంత్రం సరిగానే పనిచేసిందట. పైలటే తొందరపడి మధ్యలో చేతులు పెట్టాడట. ఆ తర్వాత ప్రయోగశాలవాళ్ళు గౌరవంగా రెక్కకు 'పైడి' అని పేరు పెట్టారు. రెక్కకీ ఆయన పేరే, తప్పుకీ ఆయన పేరే.

"ఇప్పుడు చూడండి," అన్నాడు ఇందుశేఖర్ ఉత్సాహంగా. "కొండభుజం దగ్గరకొస్తున్నారు. అసలైన విద్య ఇక్కడుంది."

ఎడమ పక్కన కొండభుజం దగ్గరైంది. దాని మీద పసుపు రాసిన రాయి ఎండకు మెరిసింది. పోలమ్మ తల్లి. భుజం వెనకనుంచి సుడి లేచింది. సరిగ్గా అప్పుడే కుడి తాడు పూర్తిగా వదులైపోయింది. రెక్క కుడి కొస ముడుచుకుంది. గ్లైడరు కుడికి, లోయ మీదికి ఒరిగి, సుడిలోంచి చల్లగా బయటపడింది. తాడు మళ్ళీ బిగుసుకుంది.

"చూశారా? దాన్ని మేం 'పైడి విడుపు' అంటాం. ఇంకే పైలట్టూ అలా చెయ్యడు. ఆ క్షణంలో వదిలెయ్యాలని ఆయనకెలా తెలిసేదో!"

రత్నం తలెత్తి ఆ తాడునే చూసింది. ఏదో తెలిసిన సంగతే. నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. అలా వదిలేయమని పైడిరాజు ఏ శిష్యుడికీ నేర్పలేదు. ఆమెకూ నేర్పలేదు.

* * *

ఆ సాయంత్రం రత్నం సంతనుంచి స్కూటరు మీద వస్తోంది. వెనక అత్త పారమ్మ, ఒళ్ళో ఎండుచేపల సంచీ. పైడిరాజు పోయాక పారమ్మ పోలిమెట్ట వైపు తలెత్తి చూడటం మానేసింది కానీ, నోటికి మాత్రం తాళం వెయ్యలేదు.

"ఒలే రత్నం, మెల్లగెల్లు. నువ్వు గాల్లో ఎగిరితే ఎగురు, నన్నెగరెయ్యకు."

"గట్టిగా పట్టుకో అత్తా. చేపలు తర్వాత, ముందు నన్ను పట్టుకో."

"సేపలు డబ్బెట్టి కొన్నాను. నిన్ను ఊరకే తెచ్చుకున్నాం."

రత్నం నవ్వింది. ఊరి మొదట్లో అమ్మవారి గుడి వచ్చింది. పారమ్మ సంచీ వదిలి గుండె మీద చెయ్యి వేసుకుని, వేళ్ళు పెదాలకు తాకించుకుంది.

"నువ్వు దండమెట్టవేటే?"

"హ్యాండిలు వదలమంటావేంటి?"

"నీ మొగుడు వొదిలేవోడు కాదా? సిన్నప్పుడు సైకిలు మీద, పెద్దయ్యాక బండి మీద. అమ్మోరి ముందర సెయ్యెత్తకుండా పోకురా అని నాను సెప్పినాను. అంతే, తెలివిలోనైనా, నిద్దర్లోనైనా ఆ కుడిసెయ్యి దానంతటదే లెగిసేది. ఒకపాలి లారీ కింద పడబోయి..."

స్కూటరు నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకొచ్చే ఆటోవాడు హారను కొట్టి, తప్పించుకుని, ఆడాళ్ళకి బండ్లిచ్చినోణ్ణి అనాలని తిట్టుకుంటూ పోయాడు.

"ఏటయిందే? పెట్రోలయిపోయిందా?"

రత్నానికి ఏమీ వినిపించడం లేదు. కళ్ళముందు పసుపు రాసిన రాయి. దాని ఎదురుగా ఒక్క క్షణం వదులైపోయిన కుడి తాడు.

అది విద్య కాదు. అది దండం.

* * *

"మీరు దుఃఖంలో ఉన్నారు," అన్నాడు ఇందుశేఖర్.

ప్రయోగశాల కిటికీలోంచి పోలిమెట్ట కనబడుతోంది. బల్లమీది తెర నిండా పైడిరాజు చేతుల గీతలు: ఎడమది నీలం, కుడిది ఎరుపు. ప్రతి ఎగురులోనూ ఒకచోట ఎర్రగీత చటుక్కున నేలకంటుతోంది.

"దుఃఖం నాది సారూ, తప్పు మీది. రెండూ కలపకండి." ఆమె ఆ చోట వేలు పెట్టింది. "ఇక్కడ ఆయన చెయ్యెక్కడుంది?"

"పిడి మీద బలం సున్నా. అంటే వదిలాడు."

"వదిలితే ఎక్కడికెళ్ళింది?"

పిడి మీద ఉన్న చేతిని కొలవడానికి కోట్లు ఖర్చుపెట్టారు. పిడి వదిలిన చెయ్యి ఎక్కడికెళ్ళిందో ఎవరూ అడగలేదు. రత్నం తన కుడిచెయ్యి గుండె మీద వేసుకుని, వేళ్ళు పెదాలకు తాకించుకుంది.

"ఇక్కడికెళ్ళింది. పోలమ్మకు దండం పెట్టాడు. వచ్చిన ప్రతిసారీ పెట్టాడు. మీ మిషను చూసిందేంటి? సుడి లేచింది, పైడిరాజు కుడి తాడు వదిలాడు, రెక్క కుడికి ఒరిగింది, బతికి బయటపడింది. భలే విద్య అని నేర్చేసుకుంది. మీరేమో పేరు పెట్టి మురిసిపోయారు."

"కానీ అది పనిచేసింది కదా! ప్రతిసారీ సుడిలోంచి బయటికే వచ్చింది."

"ఇక్కడ పనిచేసింది. ఎందుకంటే పోలిమెట్ట చాటున మనం ఎప్పుడూ కొండను ఎడమ పక్కన పెట్టుకునే ఎగురుతాం. దిగే పొలం దక్షిణాన ఉంది కాబట్టి ఇంకో దారి లేదు. కుడికి ఒరిగితే లోయ. మరి గుర్రపుమెట్ట దగ్గర?"

ఇందుశేఖర్ మొహంలో రక్తం దిగిపోయింది. గుర్రపుమెట్ట దగ్గర దిగే చోటు ఉత్తరాన. అక్కడ కొండ కుడి పక్కన ఉంటుంది.

"అలాంటి సుడే లేచింది," అంది రత్నం. "అమ్మోరూ లేదు, రాయీ లేదు. మీ మిషను దండం పెట్టింది. కుడి కొస ముడుచుకుంది, రెక్క కొండమీదికి తిరిగింది. ఆయన చేతులు పెట్టింది దాని తర్వాత, బతకడానికి. ముందు తొందరపడింది ఎవరో చెప్పండి!"

డాక్టరు దుర్మార్గుడు కాదు. పైడిరాజు పాడె మోసినవాళ్ళలో అతనొకడు. కానీ పదేళ్ళు పెంచుకున్న నమ్మకం పది నిమిషాల్లో పడిపోతుందా?

"ఇది ఊహ," అన్నాడు చివరికి. "దీనికోసం సంఘం నివేదిక తిరగరాయదు. ఆదివారం గుర్రపుమెట్ట మీద ఈ రెక్కకు ప్రారంభోత్సవం. పైలట్ తవిటినాయుడు ఎగురుతున్నాడు. నేను ఆపమన్నా పైవాళ్ళు ఆపరు."

"రుజువు చూపిస్తే?"

"చూపిస్తే..." అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో సంగతి కూడా ఆలోచించండి రత్నంగారూ. అందులోంచి ఆ ఒక్క కదలికనే ఏరి తీసెయ్యలేం. పులుసులో కలిసిన ఉప్పును వెనక్కి తియ్యగలమా? తుడిస్తే మొత్తం తుడవాలి. ఆయన రెండేళ్ళ చేతులు పోతాయి. పైడిరాజు ఈ లోకంలో మిగిలింది అందులోనే."

రత్నానికి నిన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు తలమీద కదిలిన ఆ లాగుడు గుర్తొచ్చింది. నాలుగు నెలల తర్వాత మొగుడు మళ్ళీ పక్కనున్నట్టు అనిపించిన క్షణం అదొక్కటే.

"రేపు శనివారం రిహార్సలు కదా, నేనూ వస్తాను," అని లేచింది.

* * *

అసలు భయం గుర్రపుమెట్ట కాదు. ఇంట్లో ఉంది.

పారమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతోంది. ఈ నిజం లోకానికి చెప్పాలంటే ముందు ఈమెకు చెప్పాలి. చెప్పడమంటే ఏంటి? నీ కొడుక్కి నువ్వు నేర్పిన దండమే యంత్రంలో దూరి వాణ్ణి చంపిందని చెప్పడం. చెప్పకపోతే మొగుడి పేరు మీద మచ్చ అలాగే ఉంటుంది. పైగా ఆదివారం ఇంకొకడి ప్రాణం.

రత్నం ఎదురుగా కూర్చుని చెప్పేసింది. మెత్తగా చుట్టి చెప్పడం ఆమెకు చేతకాదు.

పారమ్మ చేతులు ఆగిపోయాయి. పిల్లి వచ్చి ఒక చేప ఎత్తుకుపోయినా అదిలించలేదు.

"అంటే నాను నేర్పిందే..."

"అత్తా..."

"ఉండే. నన్ను అడగనీ. అమ్మోరి కొండ కాడ ఆడు సెయ్యెత్తితే రెక్క ఎటు పోయేది?"

"లోయ వైపు. సుడిలోంచి బయటికి."

"అన్ని పాలీనా?"

"అన్నిసార్లూ."

"మరింకేటి! అక్కడ ఆ దండమే ఆణ్ణి కాసింది." ముసలామె కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం నిప్పుంది. "దండం సంపలేదే పిల్లా. దండమేదో, పనేదో తెలీనిది సంపింది. మావోడు అమ్మోరికి ఎట్టాడు. ఆ మిషను ఎవులికెట్టింది? గాలికెట్టింది. నా కొడుకు సేతులు ఎత్తుకుపోయి, ఆడి బక్తిని మాత్రం వొదిలేసినారు."

రత్నం ఆమె చేతులు పట్టుకుంది. చేపల వాసన, ఉప్పు.

"రేపు నేనెగురుతాను. అదే కొండ, అదే చాటు. ఆయన తొందరపడలేదని చూపించాలి."

"నువ్వూ పోతే?"

"పోను. ఆయన కొండకు ఎంత దగ్గరుండాలో వాళ్ళు చెప్పారు. నేను ఎంత దూరముండాలో నేనే చూసుకుంటాను."

పిల్లి వదిలేసిన చేపతల తీసి పారమ్మ విసిరికొట్టింది.

"ఎల్లు. మావోడి మీదేసిన తప్పు ఆ కొండ మీదే దులిపేసి రా. రాకపోయినావంటే నానే ఎగిరొస్తాను, సెప్తున్నాను."

* * *

గుర్రపుమెట్ట మీద షామియానాలు వేస్తున్నారు. మైకువాడు 'హలో హలో' అంటూ కొండల్ని లేపుతున్నాడు. తవిటినాయుడు అప్పటికే పట్టీలు బిగించుకుని, రెక్క వెనక పరిచి నిలబడ్డాడు. కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నాడు.

"నాయుడూ, పట్టీలిప్పు."

"అక్కా? ఎందుకక్కా? ఊళ్ళోవాళ్ళందరికీ సెప్పేసినాను, మా అమ్మ వీడియో తియ్యమంది..."

"రేపు తియ్యించుకో. బతికుంటేనే వీడియో బాగుంటుంది."

ఇందుశేఖర్ పరుగున వచ్చాడు. "రత్నంగారూ, ఇది అనుమతి లేని..."

"సారూ, మెట్ట మీద ఎగిరే మనిషిని వదలాలా వద్దా అని చెప్పేది ఎవరు? మీరు రాసిన నియమమే చెప్పండి."

"మెట్ట పెద్ద."

"ఇవాళ మెట్ట పెద్ద ఎవరు?"

"మీరే."

"నాయుణ్ణి వదలను. నన్ను వదులుతున్నాను. మీరు కింద తెర దగ్గర కూర్చుని గీతలు చూడండి. నా పిడుల మీద బలం సున్నా అని రాసుకోండి. ఎవడూ రేపొచ్చి నేను మధ్యలో చేతులు పెట్టానని అనకూడదు."

గాలి నిలకడగా ఉంది. ఆమె రెక్క లేపింది, నాలుగంగల్లో నేల వదిలింది. ఎదురుగాలి వైపు ఓపిగ్గా ఎత్తు తీసుకుంది. పైడిరాజుకు ఇచ్చిన ఎత్తుకు రెట్టింపు వచ్చాక గాని శిఖరం దాటలేదు. దాటాక కొండనుంచి బాగా ఎడంగా జరిగింది. రిజర్వు పారాచూట్ పిడి ఎక్కడుందో ఒకసారి తడిమి చూసుకుంది. ధైర్యం వేరు, పందెం వేరు. పందేలు కాసి పడిపోయిన పైలట్లను చాలామందిని ఆమె కొండల్లోంచి భుజాల మీద మోసుకొచ్చింది.

అప్పుడు యంత్రానికి అప్పగించి, రెండు చేతులూ బారచాపింది. కింద జనానికి కనబడేలా.

"పిడులు సున్నా," అన్నాడు ఇందుశేఖర్ రేడియోలో.

చాటుగాలి మొదలైంది. కుదుపు మీద కుదుపు. మోటార్లు గుర్రుమంటున్నాయి. ఎడమ ముందు, కుడి తర్వాత, చివర్న చిన్న సడలింపు. ఎంత బాగా ఎగిరేవాడు! ఒక్క క్షణం రత్నానికి పిచ్చి కోరిక పుట్టింది. ఇలాగే ఉండిపోతే? ఆ సుడి రాకపోతే? దండం లేకుండా దాటిపోతే, ఆ చేతులు అలాగే ఉంటాయి కదా?

కుడి పక్క కొండముక్కు వెనక చెట్ల తలలు ఒక్కసారిగా అటునుంచి ఇటు పడుకున్నాయి. సుడి లేస్తోంది.

"సారూ," అంది. "ఇప్పుడు దండం పెడుతుంది, చూడండి."

కుడి తాడు వదులైపోయింది.

రెక్క కుడి సగం తడిబట్టలా నలిగి వేలాడింది. ఆకాశం గిర్రున తిరిగింది. కొండ మొహమంతా ఆమె మీదికి వచ్చింది, రాళ్ళు, పొదలు, ఒక ఎండిన చెట్టు. ఆమె చేతులు ఇంకా చాచే ఉన్నాయి. కింద ఎవరో కేక పెట్టారు. రేడియోలో ఇందుశేఖర్ అరుస్తున్నాడు: "చూశాను! చూశాను! చేతులు పెట్టండి! రత్నంగారూ, చేతులు!"

అప్పుడు పెట్టింది.

ఎడమ తుంటి మీదికి ఒళ్ళంతా వాల్చింది. ఎడమ తాడు కొంచెం, కొంచెమే. ప్రాణభయం చెవిలో 'లాగు, లాగు' అని గీపెడుతుంది. ఆ మాట విన్న రెక్క గాల్లోనే చచ్చిపోతుంది. ఆమె వినలేదు. తిరగడం ఆగింది. కుడి పిడిని ఒకసారి లోతుగా కిందికి నొక్కి వదిలింది. నలిగిన గుడ్డ కదల్లేదు. కొండ ఇంకా దగ్గరైంది. ఎండిన చెట్టు మీద కాకి గూడు కనబడుతోంది. మళ్ళీ నొక్కింది.

ఫట్‌మని రెక్క విచ్చుకుంది.

మొగుడికి ఇంత ఖాళీ ఇవ్వలేదు. ఆయన కొండకు ఇందులో మూడోవంతు దూరంలో ఉన్నాడు. రెండోసారి నొక్కే లోపలే రాయి తగిలి ఉంటుంది. అంటే చివరిదాకా సరిగ్గానే చేశాడు. సరిగ్గా చేస్తూనే పోయాడు.

లోయ మీదికి తిరిగి, సుడిని వెనక వదిలేసి, రాగిచేలో దిగింది. మోకాళ్ళ మీద కూలబడి, మట్టి గుప్పిట పట్టుకుంది. హెల్మెట్ తీసి ఆ కొండవైపు చూసి, "ఇంకెవరి మీద వేస్తావు తప్పు?" అని గట్టిగా అరిచింది. చేను కాపలా ముసలాయన తననే అన్నదనుకుని కర్ర పట్టుకుని దూరంగా జరిగాడు.

ఇందుశేఖర్ చేను గట్ల మీద పడుతూ లేస్తూ వచ్చాడు. అతని వెనక తవిటినాయుడు. మొహంలో పెళ్ళికళ పోయింది.

"అక్కా," అన్నాడు నాయుడు, "అది ఇయ్యాల నాను..."

"అవును. ఇవాళ నువ్వు."

ఇందుశేఖర్ ఆమె ఎదురుగా మట్టిలోనే చతికిలబడ్డాడు. "నివేదిక నేనే తిరగరాస్తాను. సంఘం ఒప్పుకోకపోతే నా పేరుతో పత్రికలకు ఇస్తాను. తప్పు నాదని రాస్తాను. కానీ రెక్క..." ఆగాడు. "తుడవమంటారా?"

రత్నం గుప్పిట్లోని మట్టి వదిలేసింది.

"తుడిచెయ్యండి. కానీ మా అత్త వచ్చాక."

* * *

పారమ్మ ప్రయోగశాలలో అడుగుపెట్టడం అదే మొదలు. చెప్పులు బయటే విడిచింది. పెద్ద ఫ్యాను ముందు రెక్కను కట్టారు. దాని తాళ్ళు ఒక కుర్చీకి దిగి ఉన్నాయి. ఆమె ఆ కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుంది.

ఫ్యాను తిరిగింది. గాలి ఉరికింది. మోటార్లు గుర్రుమన్నాయి. ఎడమ తాడు దిగింది, లేచింది. పారమ్మ రెండు పిడులనూ మెల్లగా పట్టుకుంది. లాగలేదు, ఆపలేదు. నడక నేర్చే పిల్లాడి చేతిలో వేలు పెట్టినట్టు పట్టుకుని, అవి ఎటు తీసుకెళ్తే అటు చేతులు పోనిచ్చింది.

"ఆడే," అంది.

ఇందుశేఖర్ ఫ్యానులోంచి పోలిమెట్ట సుడిలాంటి గాలిని వదిలాడు. కుడి పిడి ఆమె చేతిలోంచి జారి, పైకి లేచి, ఒక్క క్షణం ఆగింది.

"ఎట్టేసినావు కదరా," అంది పారమ్మ. "ఆవిడ సూసింది. సాలు. ఇంక దిగు నాయినా."

రత్నం బటను నొక్కింది. ఇంకొకరిని నొక్కనివ్వలేదు. తెరమీద ఎర్రగీతా నీలంగీతా చివర్నుంచి మొదటిదాకా చెరిగిపోయాయి. మోటార్లు ఆగాయి. ఫ్యాను గాలికి రెక్క తెలివిలేని గుడ్డలా, కొత్తగా పుట్టినట్టు కొట్టుకుంది.

పారమ్మ లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు దీనికి ఎవులు నేర్పుతారు?"

"నేను," అంది రత్నం. "అన్ని కొండలూ తిరుగుతాను. కొండను ఎడమ పెట్టీ ఎగురుతాను, కుడి పెట్టీ ఎగురుతాను. పిడి వదిలిన చెయ్యి ఎక్కడికెళ్ళిందో కూడా చూసే కెమెరా పెట్టమన్నాను."

నివేదిక మారడానికి వానలు వచ్చేదాకా పట్టింది. మూడుసార్లు తిప్పి పంపారు, మూడుసార్లూ రత్నం పట్టుకెళ్ళి వాళ్ళ బల్లమీదే పెట్టింది. చివరికి పైడిరాజు పేరు తప్పు పక్కనుంచి తీసేశారు. రెక్కకు మాత్రం ఆ పేరు ఉంచమని ఆమే అడిగింది.

వానల తర్వాత మొదటి ఎగురు పోలిమెట్ట చాటునే. కింద పొలం గట్టు మీద పారమ్మ గొడుగు వేసుకుని నిలబడింది. ఇప్పుడామె తలెత్తి కొండవైపు చూస్తోంది. కొండభుజం మీద పసుపు రాయి మెరిసింది. సుడి లేచింది. రత్నం రెండు పిడులూ వదలకుండా పట్టుకుని, కుడి తాడు కావాలనే కాస్త సడలించి, లోయవైపు ఒరిగి బయటపడింది. తలమీద ఏమీ తెలియని రెక్క, అదంతా బుద్ధిగా నేర్చుకుంది.

దిగీ దిగగానే పారమ్మ ఎదురొచ్చింది.

"అమ్మోరికి దండమెట్టినావేటే?"

"లేదత్తా. చేతులు పనిలో ఉన్నాయి." రత్నం హెల్మెట్ తీసి నవ్వింది. "అరిచి చెప్పాను. నీకు దండం పెట్టి ఒకడు పోయాడు, నేను పెట్టను, నువ్వే చూసుకో అని."

"ఓలమ్మ! అమ్మోర్నే అలగంటావా?" పారమ్మ గొడుగు ఎత్తి కొట్టబోయింది. ఆగింది. కొండభుజం వైపు ఒకసారి చూసింది.

"మరావిడేటంది?"

"దించింది కదా!"

పారమ్మ గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, ఖాళీ అయిన రెండు చేతులూ ఎత్తి, ఇద్దరి తరపునా తనే పెట్టేసింది.